రాజు లేని నాటకాలు పుట్టిన ఇల్లు

తిరువయ్యారు తిరుమంజన వీధిలో ఉంటూ త్యాగయ్య రెండు సంగీత నాటకాలు రాశాడు. పాటలు మన దాకా వచ్చాయి. నాటకాలు అక్కడే ఆగిపోయాయి.

కచేరీల్లో చాలాసార్లు ముందుగా వినపడేది సౌరాష్ట్ర రాగంలో 'శ్రీ గణపతిని'. హరికథో భజనో ముగిసేటప్పుడు అదే రాగంలో 'నీ నామరూపములకు' అని మంగళం పాడి హారతి ఇస్తారు. మా గంపలగూడెం వైపు గుళ్లలో సంగీతం మొహం చూడని వాళ్లు కూడా ఆ మంగళానికి గొంతు కలుపుతారు. ఈ రెండు పాటలూ ఒకే నాటకంలోవని చెప్పి చూడండి, సగం మంది నమ్మరు. మొదటిది ఆ నాటకం ఆరంభంలో చేసే ప్రార్థన, రెండోది చివర పాడే మంగళం. మొదలూ తుదీ మనకు కంఠతా వచ్చు. నడుమ కథ ఎలా నడిచిందో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఆ నాటకం 'ప్రహ్లాద భక్తి విజయం'. దానికి తోడు మరొకటి, 'నౌకా చరిత్రం'. రెండూ త్యాగయ్యవే. మొదటిదాంట్లో ఐదంకాలు, 45 కీర్తనలు. రెండోది చిన్నది, 21 పాటలతో ముగుస్తుంది. పాటల మధ్య కందాలు, సీసాలు, ద్విపదలు, వచనాలు వస్తాయి. పాత్రలు వస్తాయి, మాట్లాడుకుంటాయి, అలుగుతాయి, భయపడతాయి. అచ్చమైన తెలుగు నాటకాలివి. పుట్టింది మాత్రం కృష్ణ ఒడ్డునా కాదు, గోదావరి ఒడ్డునా కాదు. తంజావూరికి కాస్త ఉత్తరంగా, కావేరి పక్కన, తిరువయ్యారు అగ్రహారంలో ఒక మామూలు వీధి ఇంట్లో.

ఆ ఇంటి గురించి చెప్పేముందు ఇంకో ఇంటి ముచ్చట.

జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర గ్రౌపా అనే పల్లె ఉంది. 1846 వేసవిలో రిచర్డ్ వాగ్నర్ అనే సంగీతకారుడు కొలువుకు సెలవు పెట్టి, ఆ పల్లెలో ఒక రైతు ఇంట్లో గదులు అద్దెకు తీసుకున్నాడు. వయసు 33 ఏళ్లు. అక్కడ కూర్చుని 'లోహెన్‌గ్రిన్' అనే ఒపేరాకు సంగీతం రాసుకున్నాడు. హంస లాగే పడవ మీద ఒక వీరుడు నది దాటి వస్తాడు, అదీ కథకు మొదలు. 1850లో వైమార్ నగరంలో ఆ ఒపేరాను మొదటిసారి ప్రదర్శించినప్పుడు వాగ్నర్ దేశం విడిచి పారిపోయి ఉన్నాడు, చూడటానికి రాలేకపోయాడు. ఆయన రెండు మూడు నెలలు ఉండి వెళ్లిన ఆ అద్దె గదుల్ని 1907లోనే మ్యూజియం చేశారు. ఈ రోజుకీ జనం వెళ్లి చూస్తున్నారు.

అదే 1846 వేసవిలో తిరువయ్యారులో త్యాగయ్యకు 79 ఏళ్లు. మరుసటి ఏడాది జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు ఆయన పోయాడు. పడవ మీద నాటకం ఆయనదీ ఒకటుంది. ఒకరి పేరు ఒకరికి తెలిసే అవకాశమే లేదు. తేదీలు పక్కన పెట్టి చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. రెండు మూడు నెలలు అద్దెకున్నవాడి గదుల్ని వాళ్లు అంత భద్రంగా దాచుకున్నారు. జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడిపినవాడి ఇంటిని మనం ఏం చేశామన్నది కాసేపట్లో.

కావేరి ఒడ్డుకు తెలుగు ఎలా చేరింది

తంజావూరును 1673 దాకా ఏలిన నాయకరాజులు తెలుగువాళ్లు. రఘునాథ నాయకుడు కవి, వీణ వాయించినవాడు. ఆయన కొడుకు విజయరాఘవ నాయకుడు యక్షగానాలు రాసి కొలువులో ఆడించాడు. తర్వాత మరాఠాలు వచ్చారు. ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే రాజులు నాటకం దగ్గరికి వచ్చేసరికి తెలుగే ఎంచుకున్నారు. శాహజీ రాసిన 'పల్లకీ సేవా ప్రబంధం' తెలుగు సంగీత నాటకమే. అచ్యుతప్ప నాయకుడు భూములిచ్చి కుటుంబాల్ని నిలిపిన మెలట్టూరులో ఇప్పటికీ నరసింహ జయంతి రోజుల్లో భాగవత మేళం తెలుగులోనే ఆడతారు. ఆడవేషాలతో సహా వేసేది మగవాళ్లే. చూసేవాళ్లలో ఎక్కువమంది తమిళులు.

త్యాగయ్య ఇంటిపేరు కాకర్ల. ఆ పేరున్న ఊరు పాత ప్రకాశం జిల్లాలో అర్ధవీడు మండలంలో ఉంది. పూర్వీకులు ఏ కాలంలోనో దక్షిణానికి వెళ్లారు. 1767 మే 4న తిరువారూరులో ఆయన పుట్టాడు. తండ్రి రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. కుటుంబం తిరువయ్యారు వచ్చి స్థిరపడింది. తిరుమంజన వీధిలో ఇల్లు రాజుగారు ఇచ్చిందేనని చెబుతారు. తండ్రి పోయాక అన్నదమ్ములు పంచుకుంటే త్యాగయ్యకు అందులో ఒక వాటా దక్కింది. అన్న జపేశుడితో పడలేదన్న కథలు మనకు సినిమాలతో బాగా తెలిసినవే, వాటిని వదిలేస్తాను.

ఆ కాలం గురించి ఒక్కమాట మాత్రం చెప్పుకోవాలి. 1781లో హైదర్ అలీ సేనలు కావేరి గట్లను చిన్నాభిన్నం చేశాయి. 1799కి పాలన అంతా ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. తంజావూరు రాజు శరభోజీకి కోట, బిరుదు, పుస్తకాల మీద ఇష్టం మిగిలాయి. సంగీతం చేసేవాళ్లు ఒక్కొక్కరే చెన్నపట్నం దారి పట్టారు. నాటకాలకు నాలుగు వైపులా దీపాలు వెలిగించి, వేషగాళ్లకు బట్టలిచ్చి, నట్టువనార్లకు జీతాలిచ్చే కొలువు సన్నబడిపోతున్న రోజులవి. శరభోజీ పిలిచినా త్యాగయ్య వెళ్లలేదు. ఉంఛవృత్తి చేసుకుని, వీధుల్లో పాడుతూ తెచ్చుకున్న బియ్యంతో ఇల్లు నడుపుకున్నాడు. శిష్యులు ఆ ఇంట్లోనే ఉండి నేర్చుకున్నారు. పూజ, పాఠం, భోజనం, రచన అన్నీ ఒకే కప్పు కింద.

నాటకం పుట్టింది అలాంటి ఇంట్లో. కొలువు లేదు, రంగస్థలం లేదు, నటులు లేరు. ఉన్నది గొంతున్న శిష్యులు, తంబుర, పోతన భాగవతం.

హిరణ్యకశిపుడు ఏడి?

ప్రహ్లాదుడి కథ అంటే తెలుగువాడికి ముందు గుర్తొచ్చేది తండ్రే. కూచిపూడి వాళ్ల ప్రహ్లాద నాటకంలో హిరణ్యకశిపుడు రంగం మీదికి వస్తుంటే నేల అదరాలి. 1932లో వచ్చిన తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. 1967లో ఏవీఎం వాళ్లు తీసినప్పుడు ఎస్వీ రంగారావు గద పట్టుకుని నడిచిన నడక చూసినవాళ్లెవరూ మర్చిపోలేదు. ఆ సినిమాలో నారదుడు బాలమురళీకృష్ణ. అయినా జనానికి రంగారావే కావాలి.

త్యాగయ్య నాటకంలో హిరణ్యకశిపుడు వేదిక మీదికి రాడు. స్తంభం బద్దలవదు, నరసింహుడు గోళ్లు చాచడు. కథ మొదలయ్యేసరికే పిల్లాణ్ని నాగపాశాలతో కట్టి సముద్రంలో పడేసి ఉంటారు. సముద్రుడే పాత్రగా వస్తాడు. బంధాలు విప్పించే పని ఆయన మీద పడుతుంది. గరుత్మంతుడు, నారదుడు వస్తారు, పోతారు. ఐదంకాల పొడవునా ఆ కుర్రాడు దేవుడి కోసం వెతుక్కుంటాడు, నిలదీస్తాడు, ఏడుస్తాడు, మళ్లీ వెతుక్కుంటాడు. దేవుడు కనిపించి మళ్లీ మాయమైపోతాడు. ఆ విరహమే కథ. చివర ఆయన నిలిచిపోవడమే ముగింపు.

పండితులు దీన్ని భక్తి ప్రాధాన్యం అని ఒక్కముక్కలో తేల్చేస్తారు. నాకు మాత్రం ఆ ఇల్లే కనిపిస్తుంది. రాజు పిలిస్తే వెళ్లనివాడు, రాజును నాటకంలోకీ రానివ్వలేదు. హిరణ్యకశిపుణ్ని రంగం మీదికి తేవాలంటే కిరీటం కావాలి, సభ కావాలి, భటులు కావాలి, వాటికి డబ్బు కావాలి. బియ్యం అడుక్కొచ్చిన ఇంట్లో అవెక్కడివి? సముద్రుడికీ ప్రహ్లాదుడికీ మధ్య మాటలకు రెండు గొంతులు చాలు. లేమి వల్లనో స్వభావం వల్లనో, వచ్చిన ఫలితం మాత్రం గొప్పది. విలన్ లేకుండా ఐదంకాలు నడిపించడం ఇవాళ్టి సినిమా రచయితకు కూడా పెద్ద సాహసం.

నౌకా చరిత్రంలోనూ రాజు లేడు. అసలు ఈ కథ భాగవతంలో లేదు, త్యాగయ్య అల్లుకున్నది. గోపికలు యమునలో నౌకా విహారానికి సిద్ధమవుతారు. కృష్ణుడు తానే పడవ నడుపుతానంటాడు. ఇంత చిన్నవాడికి తెడ్డు వేయడం ఏం తెలుసని వాళ్లు వెనకాడతారు. వాగ్వాదం అయ్యాక ఎక్కించుకుంటారు. విహారం సాగేకొద్దీ గోపికలకు గర్వం ఎక్కువవుతుంది, తమ అందానికి ఈయన లొంగిపోయాడని. అప్పుడు మబ్బు పడుతుంది, గాలి లేస్తుంది, పడవకు చిల్లి పడుతుంది. నీళ్లు లోపలికి ఉరుకుతుంటే కృష్ణుడు తీరిగ్గా ఉపాయం చెబుతాడు: మీ బట్టలు విప్పి ఆ చిల్లిలో కుక్కండి. సిగ్గు, భయం, కోపం, బతిమాలడం అన్నీ అయ్యాక వాళ్లు ఆ పని చేస్తారు. తమ సంగతి మర్చిపోయి ఆ చిన్నవాడికి ఏమవుతుందోనని బెంగపడతారు. గాలివాన ఆగుతుంది, బట్టలు తిరిగి వస్తాయి, పడవ ఒడ్డుకు చేరుతుంది. ఆ ఆనందంలో పాడుకునేదే పున్నాగవరాళిలో 'గంధము పుయ్యరుగా'.

ఆ చిన్నవాడి మీద బెంగ పుట్టే చోటే త్యాగయ్య గట్టి నాటక రచయిత అని తెలిసిపోతుంది. గర్వం అణిచే కథలు పురాణాల్లో బోలెడున్నాయి. మునిగిపోతూ కూడా పక్కవాడి గురించి కంగారుపడే ఆడవాళ్లను పెట్టడం వేరే సంగతి. వాళ్ల మాటల్లో ఊరి ఆడవాళ్ల యాస, ఎత్తిపొడుపు, ముద్దు అన్నీ ఉంటాయి. ఘన రాగాల్లో పంచరత్న కీర్తనలు చేసినవాడే ఇక్కడ పడవ పాటల బాణీలకు, ఆడవాళ్ల పాటల నడకకు దిగివచ్చాడు.

పాటలు విడిపోయాయి

ఆ ఇంట్లో పాట కాగితానికెక్కింది శిష్యుల చేతుల మీదుగా. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ సౌరాష్ట్రుడు. ఏళ్ల తరబడి గురువు దగ్గరుండి కీర్తనలు రాసి పెట్టుకున్నాడు. ఆయన కొడుకు కృష్ణస్వామి భాగవతార్ ఆ పని కొనసాగించాడు. ఆ రాతప్రతులు మదురై సౌరాష్ట్ర సభకు చేరాయి. తెలుగు మాతృభాష కాని ఒక కుటుంబం తెలుగు నాటకాల్ని మన కోసం దాచిపెట్టిందన్న మాట. ఇరవయ్యో శతాబ్దంలో సంగీత శాస్త్రవేత్త పి. సాంబమూర్తి నౌకా చరిత్రాన్ని స్వరాలతో అచ్చు వేయించారు. శాహజీ పల్లకీ ప్రబంధాన్ని వెలికి తీసిందీ ఆయనే.

ఇంత దాచినా నాటకం నాటకంగా నిలబడలేదు. విద్వాంసులు ఎవరికి నచ్చిన పాట వాళ్లు ఏరుకుని కచేరీకి తీసుకెళ్లారు. కల్యాణిలో 'వాసుదేవయని' ఎన్నిసార్లు విని ఉంటారు! గొప్ప విద్వాంసులు అరగంట రాగం పాడి, స్వరాలు గుమ్మరించి ముగిస్తారు. ప్రహ్లాద భక్తి విజయంలో అది దౌవారికుడు, అంటే వాకిలి కాసేవాడు, రంగం మీదికి నడిచివచ్చే ప్రవేశ దరువు. వాడు ఎలా వస్తున్నాడో వర్ణించే పాట. ఆ సంగతి తెలిశాక ఆ పల్లవి లయలో అడుగుల చప్పుడు కూడా వినపడుతుంది. సారంగలో 'ఓడను జరిపే' పాటకు పడవా తెడ్డూ లేకపోతే సగం అందం పోతుంది. ఇది విద్వాంసుల తప్పని అనను. కచేరీ సంప్రదాయం అలా ఏరుకోకపోతే ఈ పాటలు ఇన్ని ఇళ్లకు చేరేవే కావు. కానీ పోయినదాన్ని కూడా లెక్కలో రాసుకోవాలి.

ఇంటి కథా ఇలాగే ఉంది. త్యాగయ్య సమాధి మాత్రం బతికింది, గాయని బెంగళూరు నాగరత్నమ్మ పుణ్యమా అని. కావేరి గట్టున పిచ్చిమొక్కల మధ్య శిథిలమవుతున్న ఆ చోటు గురించి విని, ఆవిడ తన సొమ్ములు పెట్టి గుడి కట్టించారు. 1926 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది. కవయిత్రి ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను 1910లో అచ్చు వేయించి గొడవలు నెత్తిన వేసుకున్నదీ ఆవిడే. అయితే గుడి కట్టించిన మనిషికే అక్కడ పాడే హక్కు ఇవ్వలేదు. ఏటా అక్కడ జరిగే ఆరాధనలో ఆడవాళ్లు పాడరాదన్నారు. ఆవిడ వెనుకవైపు ఆడవాళ్లతో వేరే ఆరాధన నడిపించారు. 1941 నాటికి గానీ ఇలా విడివిడిగా ఆరాధన జరిపే వర్గాలన్నీ కలవలేదు. నౌకా చరిత్రంలో కృష్ణుణ్ని పక్కన పెడితే మాట్లాడేదంతా ఆడవాళ్లే. ఆ నాటకం రాసినవాడి సమాధి దగ్గర ఆడగొంతు పనికిరాదన్నారు, అదీ ఆనాటి మన సంప్రదాయం.

ఇల్లు చాలాకాలం నిలబడే ఉంది. ఈ శతాబ్దం తొలి దశకంలో దాన్ని పడగొట్టి, అదే స్థలంలో స్మారక మందిరం కట్టారు. చరిత్ర తెలిసినవాళ్లు అభ్యంతరాలు చెప్పారు. పాతదాన్ని నిలబెట్టే మరమ్మతు చేసి ఉండాల్సిందని వాళ్ల వాదన, నాదీ అదే. కొత్త కట్టడం శుభ్రంగా ఉండవచ్చు, భక్తులకు అనువుగా ఉండవచ్చు. పాత దూలాలు, అరుగు, గోడలు ఆ గొంతు విన్నవి. ఇప్పుడు తెలుగువాళ్ల కళ్లలో మెదిలే త్యాగయ్య ఇల్లు ఏదంటే 1946లో నాగయ్య తీసిన 'త్యాగయ్య'లోదో, 1981లో బాపు సినిమాలో సోమయాజులు తిరిగినదో. రెండూ సినిమా ఇళ్లే.

వెళ్లినవాటిలో ఒకటి తిరిగొచ్చింది

కావేరి ఒడ్డు నుంచి ఏదీ మన దాకా రాలేదని అనుకోనక్కర్లేదు. నారాయణ తీర్థులది గుంటూరు సీమలో కాజ అని చెబుతారు. ఆయన తిరువయ్యారుకు దగ్గర్లోని వరహూరులో ఉండి సంస్కృతంలో 'కృష్ణలీలా తరంగిణి' చేశాడు. అదీ సంగీత నాటకమే. దానిలోని తరంగాల్ని కూచిపూడి వాళ్లు పట్టుకున్నారు. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, ఒక్కోసారి నెత్తిన చెంబు పెట్టుకుని ఆడే ఆట ఈ రోజు కూచిపూడికి గుర్తుగా ప్రపంచమంతా తెలుసు. కావేరి గట్టున పుట్టినది కృష్ణా జిల్లా పల్లెలో పళ్లెమెక్కింది. అదే పని నౌకా చరిత్రానికి ఎందుకు జరగలేదన్నది నన్ను తొలిచే ప్రశ్న. సంస్కృతంలో ఉన్నది ఆడుకున్నాం. మన భాషలో, మన ఆడవాళ్ల యాసలో ఉన్నదాన్ని కచేరీకి అప్పగించి ఊరుకున్నాం.

బహుశా త్యాగయ్య మీద మనకున్న భక్తే అడ్డొచ్చింది. ఆయనను ముని చేశాం, తంబుర పట్టిన పటం చేశాం. ఏటా పుష్య బహుళ పంచమికి తిరువయ్యారులోనూ ఊరూరా పంచరత్నాలు గుంపుగా పాడతాం. అమెరికాలో క్లీవ్‌ల్యాండ్‌లోనూ 1978 నుంచి ఆరాధన జరుగుతోంది. గోపికల చేత బట్టలు విప్పించే చిలిపి నాటకం రాసిన మనిషి ఆ పటంలో ఇమడడు. భామాకలాపంలో సత్యభామ జడ విసిరితే ముచ్చటపడ్డ కృష్ణా జిల్లా జనానికి ఇది కొరుకుడు పడని విషయమేమీ కాదు. మన వాళ్లకు దాన్ని ఎవరూ చూపించలేదు, అంతే.

ఎక్కడ చూపించాలని అడిగితే నా దగ్గర జవాబుంది. గంపలగూడెం మండలంలోనే నెమలి ఉంది, అక్కడ వేణుగోపాలస్వామి ఉన్నాడు. ఉత్సవాలకు చుట్టుపక్కల ఊళ్ల నుంచీ, పొలిమేర దాటి ఖమ్మం వైపు నుంచీ జనం వస్తారు. పడవ కథ ఈ మండలానికి వేరే వివరించక్కర్లేదు. తోటమూల, వినగడప మధ్య కట్టలేరు పొంగినప్పుడు అవతలి ఒడ్డు ఎంత దూరమైపోతుందో ఇక్కడివాళ్లకు అనుభవమే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి మేం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం, కూచిపూడి కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. పిలిస్తే వాళ్లు రావడానికి అదేమీ అడ్డం కాదు.

ఖర్చు కూడా తక్కువే. 21 పాటలు ఒక పూటలో అయిపోతాయి. పది మంది ఆడపిల్లలు, తొణక్కుండా పాడగలిగే ఒక చిన్నవాడు, సూత్రధారుడు, పక్క వాయిద్యాలు చాలు. పడవకు తెడ్డు ఒక్కటి చేతిలో ఉంటే మిగతాది అడుగుల్లో చూపించే విద్య కూచిపూడి వాళ్లకు వెన్నతో పెట్టింది. దర్శకుడికి అసలు చిక్కు చిల్లి పడే ఘట్టం దగ్గరే. పిల్లల చేత ఆ సన్నివేశం చేయించడానికి తల్లిదండ్రులు జంకుతారు, గుడి కమిటీ ఇంకా జంకుతుంది. నేనైతే నిజం చీరల జోలికే పోను. పాత భాగవతుల పద్ధతిలో ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. గోపికలు తెర వెనకాల ఉండి పాడతారు, పైన ముఖాలు మాత్రమే కనిపిస్తాయి. రంగు ఉత్తరీయాలు ఒక్కొక్కటే తెర మీదుగా కృష్ణుడి చేతికి అందుతాయి. ఆ వేషం కట్టే కుర్రాడికి పన్నెండేళ్లు దాటకూడదు, దాటితే గోపికల బెంగ నమ్మబుద్ధి కాదు.